మళ్లీ అదే పేరు, మళ్లీ కొత్త గుర్తు: నగర ఎన్నికల్లో నిత్య ఇండిపెండెంటు

క్లుప్తంగా: నగరపాలక ఎన్నికల్లో నిలబడటం చవక, గెలవడం బహు కష్టం. అయినా ప్రతిసారీ నామినేషన్ వేసే ఇండిపెండెంట్లు ఉంటారు. అది పిచ్చి అనో పట్టుదల అనో తేల్చేసే ముందు నిబంధనలు చూడాలి. ఎవరైనా లోపలికి రావడానికి తలుపు తీసి ఉంచిన నిబంధనలే, ఒక ఎన్నికలో తెచ్చుకున్న గుర్తింపు తర్వాతి ఎన్నికకు మిగలకుండా కూడా చేస్తున్నాయి.

ఏడు రోజుల గుర్తు

2020 నవంబరు 22, ఆదివారం. జీహెచ్ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ) ఎన్నికల్లో నామినేషన్ల ఉపసంహరణకు ఆ మధ్యాహ్నంతో గడువు తీరింది. బరిలో ఎవరు మిగిలారో తేలాకే ఇండిపెండెంట్లకు గుర్తులు ఇస్తారు. ప్రచారం 29వ తేదీ సాయంత్రానికి ముగిసింది, పోలింగ్ డిసెంబరు 1న జరిగింది. అంటే గుర్తు చేతికి అందాక దాన్ని జనానికి చూపించుకోవడానికి ఇండిపెండెంటుకు దొరికింది సరిగ్గా వారం.

గుర్తు తెలిసేదాకా కరపత్రం ప్రెస్సుకు వెళ్లదు. ఫ్లెక్సీ డిజైనులో ఫొటో, పేరు, వార్డు నంబరు ఉంటాయి, గుర్తు చోటు ఖాళీగా ఉంటుంది. గ్యాస్ సిలిండరా, కుట్టు మిషనా, ఈలా అన్నది ఆ రోజే తేలాలి. అడిగిన గుర్తునే ఇంకొకరూ అడిగితే లాటరీ తీస్తారు. ఆ రాత్రికే బొమ్మ అతికించి, కరపత్రం అడుగున ప్రింటర్ పేరు, కాపీల సంఖ్య వేయించి, మర్నాడు ఆటోకు మైకు కట్టి బయల్దేరాలి. కారు, కమలం, చెయ్యి, గాలిపటం గుర్తుల మీద నిలబడ్డవాళ్లకు ఈ హడావుడి లేదు. వాటిని ఓటరుకు కొత్తగా పరిచయం చేయాల్సిన పనే లేదు.

ఇక లెక్క. ఆ ఎన్నికలో 150 వార్డులకు కలిపి 74.67 లక్షల మంది ఓటర్లున్నారు, వార్డుకు దాదాపు 50 వేలు. పోలింగ్ 46 శాతం పైచిలుకు. వార్డుకు సగటున 23 వేల ఓట్లు పడ్డాయనుకుంటే, డిపాజిట్ దక్కడానికి కావాల్సిన ఆరో వంతు అంటే సుమారు 3,800 ఓట్లు. వారంలో ఒక కొత్త బొమ్మను అంతమంది చేత గుర్తుపట్టించి, ఓటు కూడా వేయించాలి. బరిలో ఉన్న 1,122 మందిలో 415 మంది ఇండిపెండెంట్లు. ఫలితాల్లో టీఆర్ఎస్, బీజేపీ, మజ్లిస్ 50 సీట్లకు అటూ ఇటూగా పంచుకున్నాయి, కాంగ్రెస్‌కు రెండు దక్కాయి. ఇండిపెండెంట్ల ఖాతాలో సున్నా.

గుర్తు ఎంత పెద్ద విషయమో అదే ఎన్నికలో ఓల్డ్ మలక్‌పేటలో తెలిసొచ్చింది. బ్యాలెట్ పేపర్ మీద సీపీఐ అభ్యర్థి పేరు ఎదురుగా కంకి కొడవలికి బదులు సీపీఎం వారి సుత్తి కొడవలి నక్షత్రం అచ్చయింది. పేరు సరిగ్గానే ఉంది, పార్టీ సరిగ్గానే ఉంది, బొమ్మ ఒక్కటే తప్పు. వార్డు మొత్తం పోలింగ్ ఆపేసి డిసెంబరు 3న రీపోలింగ్ పెట్టాల్సి వచ్చింది. బొమ్మ మారితే అభ్యర్థే మారిపోయినట్టని ఎన్నికల సంఘమే ఒప్పుకున్నట్టయింది. అయిదేళ్లకోసారి బొమ్మ మారిపోయే అభ్యర్థి పరిస్థితి ఏమిటో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఐదు వేలు కడితే బరిలోకి

లోపలికి రావడం మాత్రం తేలిక. జీహెచ్ఎంసీలో కార్పొరేటర్ పదవికి డిపాజిట్ 5,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 2,500. లోక్‌సభకు 25,000, అసెంబ్లీకి 10,000 కట్టాలి. పైగా పార్లమెంటు, శాసనసభ ఎన్నికల్లో గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు, ఇండిపెండెంటుకు పదిమంది సంతకం పెట్టాలి. ఈ తేడా మొదటినుంచీ ఉన్నది కాదు. దాని వెనక ఒక తెలుగు జిల్లా కథ ఉంది.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండలో 480 మంది బరిలో నిలిచారు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోతున్నా కృష్ణా నీళ్లు రాలేదన్న నిరసనతో జలసాధన సమితి నామినేషన్లనే ఉద్యమంగా మార్చింది. ఓటు పత్రం పుస్తకమంత అయింది. గెలిచింది సీపీఐ నేత బొమ్మగాని ధర్మభిక్షం. దేశమంతా నల్గొండ గురించి మాట్లాడుకుంది. అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ స్థానానికి 1,033 మంది పోటీపడ్డారు. ఆ రోజుల్లో లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయలే. వెంటనే చట్టం సవరించి దాన్ని 10,000 చేశారు, పదిమంది ప్రతిపాదకుల షరతు పెట్టారు, ఒకరు రెండు చోట్లకు మించి పోటీ చేయకూడదన్నారు. 1996లో దేశవ్యాప్తంగా 13,952 మంది లోక్‌సభకు పోటీ చేస్తే 1998లో ఆ సంఖ్య 4,750కి పడిపోయింది. వడపోత పనిచేసింది.

స్థానిక ఎన్నికల దాకా ఆ జల్లెడ అంత బిగువుగా రాలేదు. అందుకే అసెంబ్లీకి పోటీ చేయడానికి వెనకాడేవాళ్లు కూడా కార్పొరేటర్‌గా ఓ ప్రయత్నం చేసి చూస్తారు. ఓడితే పోయేది ఒక మంచి ఫోను ధరలో సగం కూడా ఉండదు.

పేరు ఒకటే, మిగతావన్నీ మారతాయి

అయిదుసార్లు నిలబడ్డవాడికి ఆరోసారి ఎక్కువ ఓట్లు రావాలి కదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. వ్యాపారంలో పాత దుకాణానికి ఉండే బలం ఎన్నికల్లో ఎందుకు రాదు?

గుర్తు సంగతి చూశాం. క్రితంసారి సిలిండర్ వచ్చినవారికి ఈసారి అదే వస్తుందన్న హామీ లేదు. ఇండిపెండెంట్లందరికీ కలిపి ఒకే గుర్తూ ఉండదు. ఈ ఇబ్బంది తెలిసిన రెబెల్స్ వేరే దారి వెతుక్కున్నారు. 2020 జనవరి మున్సిపల్ ఎన్నికల్లో కొల్లాపూర్‌లో టికెట్ దక్కని అసమ్మతి వర్గం ఆలిండియా ఫార్వర్డ్ బ్లాక్ తరఫున సింహం గుర్తు మీద మూకుమ్మడిగా నిలబడింది. ఆ పార్టీకి అక్కడ అంతకుముందు పెద్ద ఉనికి లేదు. కావాల్సింది పార్టీ కాదు, అందరికీ ఒకే బొమ్మ. 20 వార్డుల్లో 11 సింహానికి వచ్చాయి. వాళ్లే విడివిడిగా 20 రకాల బొమ్మలతో దిగి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు.

తర్వాతిది రిజర్వేషన్. నగరపాలక సంస్థల్లో సగం సీట్లు మహిళలవి, మిగతా కోటాలు వేరే. వార్డు మహిళకు రిజర్వయితే అయిదేళ్లు గల్లీల్లో తిరిగిన పురుష అభ్యర్థి భార్యనైనా నిలబెట్టాలి, పక్క వార్డుకైనా పోవాలి. పక్క వార్డులో మళ్లీ మొదటినుంచి మొదలు. తెలంగాణ ప్రభుత్వం 2020 అక్టోబరులో చట్టం సవరించి, జీహెచ్ఎంసీలో ఒకసారి ఖరారైన రిజర్వేషన్లు రెండు ఎన్నికల దాకా కొనసాగేలా చేసింది. అందుకే 2016 నాటి రిజర్వేషన్లే 2020లోనూ ఉన్నాయి. నిత్య అభ్యర్థికి ఇది కొంత ఊరట. కానీ డీలిమిటేషన్ జరిగితే వార్డు హద్దులే మారిపోతాయి. పేరు తెలిసిన రెండు కాలనీలు వేరే వార్డులో పడితే ఆ ఊరట కూడా మిగలదు.

చివరికి అభ్యర్థి కూడబెట్టుకోగలిగింది పేరు ఒక్కటే. ఆ పేరేమో ఓటు పత్రంలో పార్టీలన్నీ అయ్యాక, అక్షరక్రమంలో, అడుగున ఎక్కడో వస్తుంది.

ఎవరు వీళ్లు?

దేశంలో ఈ కోవకు చెందిన వారిలో పేరుమోసినవాడు బరేలీ వస్త్ర వ్యాపారి కాకా జోగిందర్ సింగ్. జనం పెట్టిన పేరు ధర్తీపకడ్, అంటే నేలను పట్టుకుని వదలనివాడు. మున్సిపాలిటీ మొదలు రాష్ట్రపతి దాకా 300కు పైగా ఎన్నికల్లో నామినేషన్ వేశాడు. అప్పట్లో ఒకే విడతలో ఎన్ని చోట్లనుంచైనా నిలబడే వీలుండటం వల్లే అంత పెద్ద సంఖ్య వచ్చింది. 1992 రాష్ట్రపతి ఎన్నికలో శంకర్ దయాళ్ శర్మ మీద పోటీ చేస్తే 1,135 ఓట్లు పడ్డాయి. ఆ దారి కూడా తర్వాత మూసుకుపోయింది. 1997 నుంచి రాష్ట్రపతి అభ్యర్థికి 50 మంది ప్రతిపాదకులు, 50 మంది బలపరిచేవారు ఉండాలన్న నిబంధన వచ్చింది.

ఇప్పటి తరంలో ఆ స్థానం తమిళనాడులోని మేట్టూరుకు చెందిన కె. పద్మరాజన్‌ది. టైర్ల మరమ్మతు దుకాణం నడుపుకుంటూ 1988 నుంచి నామినేషన్లు వేస్తున్నాడు. 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి 238 సార్లు ఓడిన రికార్డు ఉంది. అన్నిట్లోకీ ఎక్కువ ఓట్లు 2011లో సొంత ఊరు మేట్టూరులోనే వచ్చాయి: 6,273. అన్నిసార్లు, అన్ని ఊళ్లలో, అంత పెద్ద నాయకుల మీద నిలబడ్డ మనిషికి బాగా ఓట్లు పడింది ముఖం తెలిసిన చోటే. గెలుపు కాదు, పోటీయే లక్ష్యమని ఆయన దాచుకోకుండా చెబుతాడు.

నగర వార్డుల్లో కనిపించే నిత్య అభ్యర్థి మాత్రం వీళ్లలా రికార్డుల కోసం దిగేవాడు కాకపోవచ్చు. డ్రైనేజీ, కుక్కలు, పార్కు కబ్జా, నల్లా నీళ్లు లాంటి ఒకే సమస్య మీద ఏళ్లుగా దరఖాస్తులు పెట్టి విసిగి నామినేషన్ దాకా వచ్చినవాళ్లుంటారు. కాలనీ సంఘం అధ్యక్షులు, పార్టీ బీ ఫారం (మా అభ్యర్థి ఇతనే అని పార్టీ ఇచ్చే పత్రం) ఇస్తుందని ప్రతిసారీ ఎదురుచూసి చివరి రోజు ఇండిపెండెంటుగా మిగిలిపోయేవాళ్లు ఉంటారు. ఆర్థికంగా ఏమీ ఆశించకుండా నిలబడేవాళ్లతో పాటు, ఎదుటి పార్టీ వచ్చి ‘కూర్చోబెడుతుంది’, అంటే ఏదో ఒకటి ఇచ్చి తప్పుకోమంటుంది అన్న లెక్కతో నామినేషన్ వేసేవాళ్లూ ఉంటారు. ఉపసంహరణ రోజు మధ్యాహ్నం దాకా సాగే బేరాలు మున్సిపల్ ఎన్నికలు చూసినవారికి కొత్త కాదు.

ఇంకో రకం డమ్మీ అభ్యర్థి. ప్రతి అభ్యర్థికీ పోలింగ్ ఏజెంటును, కౌంటింగ్ ఏజెంటును పెట్టుకునే హక్కుంది, ప్రచార వాహనానికి అనుమతి వస్తుంది, ఖర్చు పరిమితి విడిగా ఉంటుంది. కాబట్టి ఒక ఇండిపెండెంటు వెనక పార్టీ ఉంటే ఆ పార్టీకి బూత్‌లో ఇంకో మనిషి, రోడ్డు మీద ఇంకో బండి దొరికినట్టే. బయటికి వీళ్లందరూ ఒకేలా కనిపిస్తారు. అందుకే నిజాయితీగా నిలబడ్డవాడు కూడా ‘ఎవరు నిలబెట్టారు?’ అన్న ప్రశ్నతోనే ప్రచారం మొదలుపెట్టాల్సి వస్తుంది. అభ్యర్థికి డిపాజిట్ కన్నా ఇదే ఎక్కువ ఖర్చు.

ఓట్లు చీలుస్తారా?

ఇండిపెండెంట్ల వల్లే ఓడామని ఓడిన పార్టీలు అనడం మామూలే. చాలాసార్లు అది సాకు. ఓ వందా రెండు వందల ఓట్లు తెచ్చుకున్నవాడు రెండు వేల మెజారిటీని మార్చలేడు. నిజంగా దెబ్బ కొట్టేది ఇండిపెండెంటు మనిషి కాదు, అతడి బొమ్మ.

2020 దుబ్బాక ఉప ఎన్నికలో బీజేపీ 1,079 ఓట్లతో గెలిచింది. చపాతీ కర్ర గుర్తున్న ఇండిపెండెంటుకు మూడు వేలకు పైగా ఓట్లు పడ్డాయి. కారు అనుకుని దాని మీద నొక్కారని టీఆర్ఎస్ వాదన. 2019లో భువనగిరి లోక్‌సభ స్థానంలో ఆ పార్టీ 5,219 ఓట్లతో ఓడితే రోడ్ రోలర్ గుర్తుకు 27 వేలకు పైగా వచ్చాయి. ఆ ఓట్లన్నీ పొరపాటున పడ్డవేనని నిరూపించే దారి లేదు. కానీ ఏ ప్రచారమూ లేని అభ్యర్థికి అన్ని ఓట్లు రావడానికి ఇంకో వివరణ దొరకడం కూడా కష్టం. ఈ గుర్తులు తీసేయాలంటూ పార్టీ ఎన్నికల సంఘం చుట్టూ, కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగింది.

ఈ రెండూ నగర ఎన్నికలు కావు. కానీ వార్డు స్థాయిలో మెజారిటీలు చాలాసార్లు వందల్లోనే ఉంటాయి కాబట్టి బొమ్మల పోలిక అక్కడ ఇంకా చిన్న సంఖ్యతోనే ఫలితాన్ని తిప్పేయగలదు.

గెలిచే చోటు ఎక్కడ?

ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్ నగరానికి 2015 జనవరిలో మధు కిన్నర్ అనే ట్రాన్స్‌జెండర్ మహిళ ఇండిపెండెంటుగా మేయర్ అయ్యారు. బీజేపీ అభ్యర్థి మీద ఆధిక్యం 4,537. అక్కడ మేయర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు, కాబట్టి పెద్ద పార్టీల మీద ఊరంతా ఉన్న విసుగు ఒకే పేరు మీదికి చేరగలిగింది. హైదరాబాద్‌లో కూడా 2002లో నేరుగా జరిగిన ఎన్నికలో తీగల కృష్ణారెడ్డి మేయర్ అయ్యారు, టీడీపీ తరఫున. జీహెచ్ఎంసీ ఏర్పడ్డాక మేయర్‌ను కార్పొరేటర్లు, ఎక్స్ అఫిషియో సభ్యులు (పదవి రీత్యా ఓటుండే ఎంపీలు, ఎమ్మెల్యేల్లాంటివారు) కలిసి ఎన్నుకుంటున్నారు. ఆ పద్ధతిలో ఒంటరి ఇండిపెండెంటుకు మేయర్ కుర్చీ దాకా దారే లేదు.

చిన్న ఊళ్లలో కథ వేరు. వార్డుకు రెండు మూడు వేల ఓట్లే ఉన్నచోట ఆరో వంతు అంటే నాలుగైదు బజార్లు. పెళ్లికీ చావుకూ ఇంటికొచ్చిన మనిషి అని జనం గుర్తుపెట్టుకుంటే గుర్తు ఏదైనా వెతికి మరీ వేస్తారు. అలా గెలిచిన ఒక్కరి విలువ ఎంతో 2021 మార్చిలో తాడిపత్రి చూపించింది. 36 వార్డుల్లో టీడీపీకి 18, వైసీపీకి 16, సీపీఐకి ఒకటి, ఇండిపెండెంటుకు ఒకటి వచ్చాయి. ఎంపీ, ఎమ్మెల్యే ఎక్స్ అఫిషియో ఓట్లు రెండూ వైసీపీవి కావడంతో 18, 18 సమానమయ్యాయి. సీపీఐ సభ్యుడు, ఇండిపెండెంటు చేతులెత్తిన వైపు 20 అయింది, జేసీ ప్రభాకర్ రెడ్డి చైర్మన్ అయ్యారు. రాష్ట్రమంతా ఒక పార్టీ ఊడ్చేసిన ఎన్నికలో ఒక పట్టణం ఎటు పోవాలో తేల్చిన రెండు ఓట్లలో ఒకటి ఏ పార్టీకీ చెందనిది.

టొరంటోలో, లండన్‌లో

కెనడాలోని అంటారియో రాష్ట్రంలో నగర ఎన్నికలకు పార్టీలే ఉండవు, గుర్తులూ ఉండవు. బ్యాలెట్ మీద ఉన్నవాళ్లంతా ఒక రకంగా ఇండిపెండెంట్లే. కొద్దిపాటి రుసుము, 25 సంతకాలు ఉంటే టొరంటో మేయర్ పదవికి నిలబడవచ్చు. 2023 జూన్ ఉప ఎన్నికలో 102 మంది నిలబడ్డారు, ఒలీవియా చౌ గెలిచారు. ఎన్నో ఎన్నికల్లో ఓడి గిన్నిస్ రికార్డుకెక్కిన జాన్ టర్మెల్ కూడా ఆ రాష్ట్రంవాడే. 1979 నుంచి వందకు పైగా పోటీల్లో దిగాడు, సొంత ఊరు బ్రాంట్‌ఫర్డ్ మేయర్ పదవి కూడా అందులో ఉంది. పార్టీలు లేనంత మాత్రాన నిత్య అభ్యర్థి గెలుస్తాడని కాదు. అక్కడ పేరు తెలియడమే గుర్తు పని చేస్తుంది, ఆ పేరు ముందే ఉన్నవాళ్లు నెగ్గుతారు.

లండన్ దీనికి పూర్తిగా తిరగబడ్డ లెక్క. మేయర్ పదవికి డిపాజిట్ 10,000 పౌండ్లు, అయిదు శాతం ఓట్లు రాకపోతే పోతుంది. అయినా నెత్తిన చెత్తబుట్టలాంటి శిరస్త్రాణంతో కౌంట్ బిన్‌ఫేస్ అనే హాస్య అభ్యర్థి 2021లోనూ 2024లోనూ నిలబడ్డాడు. రెండోసారి 24,260 ఓట్లు వచ్చాయి, ఒక శాతం. డిపాజిట్ పోయింది కానీ అతివాద పార్టీ అభ్యర్థి అతడి వెనకే మిగిలాడు. పెద్ద డిపాజిట్ జనాన్ని తగ్గిస్తుంది తప్ప ఎవరు సీరియస్, ఎవరు కాదో తేల్చదు. డబ్బు సమకూర్చుకోగల హాస్యగాడు లోపలికొస్తాడు, డబ్బు లేని కాలనీ కార్యకర్త బయటే ఉండిపోతాడు.

ఆపాలన్న వాదన

లా కమిషన్ 2015లో ఇచ్చిన 255వ నివేదికలో ఇండిపెండెంట్లను అసలు పోటీకే అనుమతించవద్దని సిఫారసు చేసింది. ప్రభుత్వం దాన్ని అమలు చేయలేదు. ఇండిపెండెంట్లు ఎక్కువైతే ఎన్నికల ఖర్చు పెరుగుతుందన్న వాదనలో కొంత నిజముంది. ఓటింగ్ యంత్రంలో ఒక బ్యాలెట్ యూనిట్‌కు 16 పేర్లే పడతాయి. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో పసుపు, ఎర్రజొన్న రైతులు మూకుమ్మడిగా నామినేషన్లు వేయడంతో బరిలో 185 మంది మిగిలారు, ఒక్కో బూత్‌లో 12 యూనిట్లు వరసగా పేర్చాల్సి వచ్చింది. వాళ్లు అడిగిన పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌ కేంద్రంగానే ప్రారంభమైంది. దానికి కారణాలు చాలా ఉన్నా, ఆ 12 యూనిట్ల వరస లేకుంటే పసుపు ధర దేశం దృష్టికి అంతగా వచ్చేది కాదు.

ఒకప్పుడు ప్రచారం మధ్యలో ఇండిపెండెంటు చనిపోయినా ఎన్నిక ఆగిపోయేది. 1990ల సవరణల తర్వాత అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి మరణిస్తేనే ఆగుతుంది. వాళ్లను నిషేధించకుండానే వాళ్ల వల్ల కలిగే అసౌకర్యాన్ని చట్టం ఇలా ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ వస్తోంది. నగర ఎన్నికల్లోనూ జరిగేది బహుశా ఇదే. డిపాజిట్ పెరగవచ్చు, సంతకాలు పెరగవచ్చు, పోలికున్న గుర్తులు జాబితా నుంచి పోవచ్చు. గుర్తు కేటాయింపుకూ పోలింగ్‌కూ మధ్య ఇంకో పది రోజులు పెంచాలన్న మాట మాత్రం ఏ పార్టీ నోటినుంచీ రాదు, దానివల్ల పార్టీలకు ఒరిగేదేమీ లేదు కాబట్టి.

టొరంటోలో కట్టిన రుసుము తిరిగి రావడానికి ఓట్లతో పనిలేదు, ఖర్చుల లెక్క గడువులోగా ఇస్తే చాలు. జీహెచ్ఎంసీలో 5,000 తిరిగి రావాలంటే ఓట్లు రావాలి, అయినా లెక్క మాత్రం ఇవ్వాల్సిందే. ఫలితాలు వచ్చిన 45 రోజుల్లోగా గెలిచినవారూ ఓడినవారూ ఖర్చుల వివరాలు దాఖలు చేయాలి. చేయకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత. వంద ఓట్లతో ఓడినవాడైనా, పది వేలతో ఓడినవాడైనా, మళ్లీ నిలబడే ఉద్దేశం ఉంటే ఆటో కిరాయి, మైకు అద్దె, కరపత్రాల బిల్లు జాగ్రత్తగా దాచుకుని ఆ ఫైలు పట్టుకుని ఆఫీసుకు వెళ్లాలి.